మూసీ మీద ఇంకో వంతెన: లెక్క ఎవరు కట్టాలి?

వానాకాలంలో గండిపేట (ఉస్మాన్‌సాగర్) చెరువు గేట్లు ఎత్తారని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే మా ఇంట్లో అందరికంటే ముందు నాకు టెన్షన్ మొదలవుతుంది. మేముండేది హైదరాబాద్‌లో అంబర్‌పేట. నేను పనికి వెళ్లేది దిల్‌సుఖ్‌నగర్ వైపు. మధ్యలో మూసీ. ఏళ్ల తరబడి మా దారి మూసారాంబాగ్ బ్రిడ్జి మీదుగానే. పేరుకు బ్రిడ్జి అంటాం గానీ ఆ పాతది కాజ్‌వే, నదికి అంటుకున్నట్టే ఉండేది. పైనుంచి నీళ్లు వదిలారంటే పోలీసులు రెండు వైపులా బారికేడ్లు పెట్టేసేవాళ్లు. 2022 జూలైలో అంతే. 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చినప్పుడూ అంతే. చాదర్‌ఘాట్ చిన్న బ్రిడ్జిని కూడా అదే పూట మూసేస్తారు. ఇక బండ్లన్నీ గోల్నాక వంతెన వైపు తిరుగుతాయి.

అలాంటి ఓ రోజు గోల్నాక దగ్గర బండి ఆఫ్ చేసుకుని నిలబడ్డప్పుడు అనిపించింది, ఏ వంతెన ఎవరికి పనికొస్తుందో తెలియాలంటే దాన్ని ఒక్క పూట మూసి చూస్తే చాలని. రోజూ మూసారాంబాగ్ మీదుగా పోయే జనం ఆ పూట ఎటు మళ్లుతారు, ఎవరు ఇంట్లోనే ఉండిపోతారు, ఏ సందు బిగుసుకుపోతుంది, అంతా కళ్లెదుటే ఉంటుంది. ట్రాఫిక్ స్టడీ పేరుతో కన్సల్టెంట్లు కంప్యూటర్‌లో చేసేదీ దాదాపు ఇదే. కాకపోతే వాళ్లు ఉన్న వంతెనను మూయరు, లేని వంతెనను ఉన్నట్టు ఊహిస్తారు.

మూసీ మీద ఇలాంటి ఊహలకు కొదవ లేదు. మూసీ, ఈసీ నదుల మీద 15 కొత్త వంతెనలకు 545 కోట్ల రూపాయలతో 2021లో రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. పనులను వేర్వేరు సంస్థలకు పంచారు. మూసారాంబాగ్ దగ్గర ఎత్తైన వంతెనకూ, దిగువన ఫతుల్లాగూడ నుంచి పీర్జాదిగూడకు దాటే వంతెనకూ 2023 సెప్టెంబరులో శంకుస్థాపనలు జరిగాయి. ఈ రెండో వంతెన మన కథకు బాగా పనికొస్తుంది. ఎందుకంటే అప్పటికి దాని ఒక కాలు హైదరాబాద్ మహానగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో ఉంటే, రెండో కాలు పీర్జాదిగూడ నగరపాలక సంస్థలో ఉంది. నది ఒకటే, కార్పొరేషన్లు రెండు.

నది అంటే వాళ్లకెందుకంత ఇష్టం

ట్రాఫిక్ ఇంజినీర్లకు నదులంటే ప్రత్యేకమైన అభిమానం. నగరంలో ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి పోవడానికి వంద సందులుంటాయి, అన్నిచోట్లా మనుషులను నిలబెట్టి లెక్కించడం అయ్యే పని కాదు. నది దగ్గర ఆ బాధ లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోవాలంటే ఎంతటివాడైనా ఉన్న కొద్ది వంతెనల్లో ఏదో ఒకటి ఎక్కాల్సిందే. ఆ వంతెనల మీద లెక్కిస్తే నది దాటిన బండ్లన్నీ దొరికిపోతాయి. ఇలాంటి గీతను వాళ్లు స్క్రీన్‌లైన్ అంటారు. కంప్యూటర్ మోడల్ చెప్పిన అంకె, వంతెనల మీద చేత్తో లెక్కించిన అంకె దగ్గర దగ్గరగా వస్తే మోడల్‌ను నమ్మొచ్చు. రాకపోతే మళ్లీ మొదటికి.

షరతు ఒక్కటే, వంతెనలన్నీ లెక్కలోకి రావాలి. లంగర్‌హౌజ్ నుంచి నాగోలు దాకా ఒక్కటి వదిలేసినా బుట్టకు చిల్లు పడ్డట్టే. ఆ వంతెనలు ఎవరి పరిధిలో ఉన్నాయన్నది ఇక్కడే అడ్డం వస్తుంది. ఒక కార్పొరేషన్ తన డబ్బుతో సర్వే చేయిస్తే తన హద్దు దాకానే చేయిస్తుంది. అవతలి ఒడ్డు వాళ్లు ఏమీ చేయించరు, లేదంటే ఇంకో ఏడాది ఇంకో కన్సల్టెంట్‌తో చేయిస్తారు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటానికి వీలుండదు. ఒకటి దసరా సెలవుల ముందు తీసింది, ఇంకోటి స్కూళ్లు తెరిచాక తీసింది అయి ఉంటుంది.

లెక్కించేటప్పుడు బండిని బండిగా లెక్కించరు. కారును 1 అనుకుని మిగతావాటిని దానితో తూచుతారు. ఈ కొలతను పీసీయూ అంటారు. నగర రోడ్ల కోసం, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టిక ప్రకారం, రోడ్డు మీద టూవీలర్లు బాగా ఉంటే ఒక్కో దానికి 0.75, ఆటోలు ఎక్కువుంటే ఆటోకు 2, బస్సులూ లారీలూ ఎక్కువుంటే ఒక్కో దానికి 3.7. ఆయా బండ్లు తక్కువగా ఉన్న రోడ్డయితే ఈ అంకెలు తగ్గుతాయి. చోటు ఎంత పడుతుందో చెప్పడానికి ఇది మంచి కొలతే. కానీ మనుషులు ఎంతమంది దాటారో ఇందులో కనపడదు. అరవై మంది ఎక్కిన సిటీ బస్సుకు 3.7. అదే అరవై మంది 45 బైకుల మీద వెళ్తే దాదాపు 34. వంతెన చాలడం లేదని ఎవరైనా పీసీయూలు చూపిస్తే, అందులో బస్సులెన్ని, బస్సుల్లో జనమెంత అని కూడా అడగాలి. చాలా రిపోర్టుల్లో ఆ ముక్క ఎక్కడో వెనక అనుబంధంలో ఉంటుంది.

లెక్కింపు అయ్యాక మనుషులను ఆపి, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడిగే సర్వే ఉంటుంది. ఒకసారి నన్నూ ఆపారు. సిగ్నల్ దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నట్టున్న ఓ అబ్బాయి, చేతిలో అట్ట, "ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నా?" అన్నాడు. అంబర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ అన్నాను. నిజానికి నేను ముందు మలక్‌పేటలో పాపను స్కూల్లో దింపి, అక్కడి నుంచి పనికి పోతాను. తిరిగొచ్చేటప్పుడు ఇంకో దారి. ఇదంతా చెప్పబోతే వెనకనుంచి హారన్లు. అతని కాగితంలో కూడా రెండు గళ్లే ఉన్నాయి. ఏదో కంపెనీ ఏసీ గదిలో నా జీవితం ఇప్పుడు అంబర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఒక సరళరేఖ. అందుకే రోడ్డు మీద అడిగిందే చాలదని ఇళ్లకు వెళ్లి, రోజంతా ఎవరెవరు ఎక్కడెక్కడికి తిరిగారో రాసుకునే సర్వేలు కూడా చేస్తారు. అవి ఖరీదైనవి, కాబట్టి ఒక చిన్న మునిసిపాలిటీ ఒంటరిగా వాటి జోలికి పోదు.

ఆ తర్వాతి పని నాలుగు ప్రశ్నలుగా సాగుతుంది. ఏ పేటలో ఎన్ని ప్రయాణాలు పుడతాయి? అవి ఏ పేటకు పోతాయి? బస్సు, మెట్రో, బైకు, కారు, నడక, వీటిలో దేని మీద పోతాయి? చివరికి ఏ రోడ్డు, ఏ వంతెన ఎక్కుతాయి? కొత్త వంతెనను మోడల్‌లో గీసి నాలుగో ప్రశ్నను మళ్లీ వేస్తే, పాత వంతెన మీద ఎంత తగ్గింది, కొత్తదాని మీదకు ఎంత వచ్చింది అన్నది బయటపడుతుంది.

ఒకే కోడి, రెండిళ్ల పండగ

ఇప్పుడు అసలు చిక్కు. అంకెలు నావి, ఉదాహరణ కోసమే. ఒక పాత వంతెన మీద ఉదయం పూట గంటకు 3,000 బండ్లు పోతున్నాయి అనుకుందాం. ఎగువన ఉన్న ఊరు తన దగ్గర ఒక వంతెన కావాలని స్టడీ చేయించింది. పాత వంతెన నుంచి 1,200 బండ్లు మా వంతెనకు వస్తాయని తేలింది. దిగువన ఉన్న ఊరు కూడా తన వంతెనకు స్టడీ చేయించింది. అక్కడా 1,200 అనే వచ్చింది. రెండు రిపోర్టులూ సెక్రటేరియట్‌కు చేరాయి. రెండూ తప్పు కాదు. రెండూ కలిపి చూస్తే మాత్రం తప్పు. ఆ 1,200 లో చాలామంది ఒకే మనుషులు. ఒకే కోడిని చూసి రెండిళ్ల వాళ్లూ పండక్కి మసాలా నూరుకున్నట్టు. రెండు వంతెనలూ కట్టాక ఒక్కోదాని మీద ఏడెనిమిది వందలు పోతుంటే, ఇంత డబ్బు పోసి ఖాళీ వంతెన కట్టారేంటని అందరూ తిట్టుకుంటారు.

దీనికి విరుగుడు సులువే, కానీ మనుషులు ఒప్పుకోవడం కష్టం. కొత్త వంతెనలేవీ లేకుండా ఒకసారి, ఒకటి మాత్రమే ఉంటే ఒకసారి, రెండోది మాత్రమే ఉంటే ఒకసారి, రెండూ ఉంటే ఒకసారి మోడల్ నడపాలి. అన్నిటికీ ఒకే లెక్కింపు, ఒకే సంవత్సరం, ఒకే రకం పేటల విభజన. ఒకరే కన్సల్టెంట్ అయితే మరీ మంచిది. ఖర్చును ఊళ్లు పంచుకోవాలి. ఇక్కడి దాకా అధికారులు సరేనంటారు. ఫలితం ఏదొచ్చినా కట్టుబడతామని ముందే సంతకం పెట్టమన్నప్పుడు కుర్చీలు కదులుతాయి. ముందు ఏ వంతెన కట్టాలో అంకె చెప్పేస్తే, రెండో ఊరి నాయకుడు తన వార్డులో ఏమని చెప్పుకుంటాడు?

ఇంకో గొడవ జనాభా దగ్గర వస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత మీ ఊళ్లో ఎంతమంది ఉంటారంటే ఏ ఊరైనా పెంచే చెప్తుంది. మాకు ఐటీ పార్కు వస్తోంది, మాకు కొత్త లేఅవుట్లు వస్తున్నాయి అంటారు. అన్ని ఊళ్ల అంచనాలనూ కూడితే మొత్తం మహానగరానికి వస్తారనుకున్న జనం కంటే ఎక్కువ తేలుతుంది. అందుకే ఉమ్మడి స్టడీలో మొత్తం అంకెను ముందు బిగించి, ఆ తర్వాతే ఊళ్లకు పంచుతారు. హైదరాబాద్‌కు అలాంటి ఉమ్మడి లెక్క లేకపోలేదు. మహానగర ప్రాంతమంతటికీ 2041 దాకా అంచనాలతో మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ సమగ్ర రవాణా అధ్యయనం చేయించింది. రవాణా సంస్థలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలని 2008లోనే ఉమ్టా అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేశారు. బల్ల ఉంది. దాని మీద ప్రతి వంతెనా చర్చకు వచ్చిందా అన్నది వేరే మాట.

2025 డిసెంబరులో పీర్జాదిగూడతో సహా 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. ఇక గీతలు పోయాయి కదా అనొచ్చు. గీతలు చెరిపి మళ్లీ గీయడం మన నగరానికి కొత్త కాదు. 2007లో 12 మునిసిపాలిటీలను, 8 పంచాయతీలను పాత నగరపాలక సంస్థతో కలిపితేనే జీహెచ్‌ఎంసీ పుట్టింది. ఊళ్ల మధ్య గీత చెరిగినా శాఖల మధ్య గీతలు చెరగవు. వంతెన ఒకరిది, దాని కింద నీళ్లు నీటిపారుదల శాఖవి, అప్రోచ్ రోడ్డుకు భూసేకరణ రెవెన్యూది, చివరి సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది, బస్సు ఆర్టీసీది. కంటోన్మెంట్ మీదుగా ఎలివేటెడ్ కారిడార్లు కట్టడానికి రక్షణ శాఖ భూముల కోసం ఏళ్లు ఆగి, 2024 మార్చిలో అనుమతి తెచ్చుకున్న ఊరు మనది. అక్కడ అడ్డం వచ్చింది నది కూడా కాదు.

వీటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది అప్రోచ్ రోడ్డు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అదే పత్రం ప్రకారం, డివైడర్ ఉన్న నాలుగు లేన్ల ప్రధాన రోడ్డు రెండు వైపులా కలిపి గంటకు 3,600 పీసీయూలు మోయగలదు. షాపులు, పార్కింగ్, అడ్డంగా కలిసే రోడ్లు ఉన్న రెండు లేన్ల రోడ్డయితే 900. మన దగ్గర వంతెనలు మొదటి రకంగా కట్టి రెండో రకం రోడ్డు మీద దింపుతారు. నాలుగు వంతుల నీళ్లు తెచ్చి ఒక వంతు గొట్టంలో పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వంతెన ఒక ఊరి వాళ్లు కట్టి, అది దిగే రోడ్డు ఇంకో ఊరిదైతే ఆ రోడ్డు వెడల్పు చేయడం ఎవరి బాధ్యత? టెండర్ పేపర్లో నది మధ్య దాకానే మన పని అని రాసుకుంటే ట్రాఫిక్ కూడా అక్కడే ఆగుతుంది.

వంతెన ముందు, నగరం తర్వాత

ఇప్పటి దాకా చెప్పిందంతా ఒక నమ్మకం మీద నిలబడింది. దాటాలనుకునే జనం ముందే ఉన్నారు, వంతెన వాళ్లకు దారి చూపిస్తుందని. హైదరాబాద్ చరిత్రే ఈ నమ్మకాన్ని వెక్కిరిస్తుంది. పురానాపూల్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో కట్టించాడు. చార్మినార్, దాని చుట్టూ నగరం వచ్చింది 1591లో. అంటే ఆ వంతెన కట్టేనాటికి అవతలి ఒడ్డున హైదరాబాదే లేదు. ఏ కన్సల్టెంట్ వెళ్లి లెక్కించి ఉన్నా గంటకు కొన్ని ఎడ్లబండ్లు, గుర్రాలు తప్ప ఏమీ దొరికేవి కావు. వంతెన అనవసరం అని రిపోర్టు రాసేవాడు. 13 ఏళ్లకు అవతల రాజధాని లేచింది.

పొంగుతున్న మూసీని ఈదుకుంటూ ప్రియురాలి కోసం వెళ్లిన రాకుమారుడి మీద బెంగతో తండ్రి ఈ వంతెన కట్టించాడని చెప్పుకుంటారు. రాకుమారుడు మహమ్మద్ కులీకి అప్పటికి పదమూడేళ్లు. కథ ఎంత బాగున్నా గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవు వైపు పోయే వ్యాపారమే నాకు ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది.

వంతెన ఉన్న ప్రయాణాలను మళ్లించడమే కాదు, లేని ప్రయాణాలను పుట్టిస్తుంది కూడా. అవతల స్థలం చవకని ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఇటు ఉద్యోగానికి వస్తారు. మామూలు మోడల్లో ఇళ్లు, ఉద్యోగాలు ఎక్కడుంటాయో ముందే బిగించి ఉంచుతారు కాబట్టి ఇది సరిగా పట్టుబడదు. మన దగ్గర ఇది తెలియడానికి మోడల్ అక్కర్లేదు. వంతెన శంకుస్థాపన శిలాఫలకం ఆరకముందే పక్కన రియల్ ఎస్టేట్ ఫ్లెక్సీ లేస్తుంది, "కొత్త బ్రిడ్జికి రెండు నిమిషాల దూరం" అని. ఆ ఫ్లెక్సీలో ఉన్న ప్లాట్లన్నీ నిండాక వచ్చే జనాన్ని స్టడీలో ఎవరూ లెక్కించి ఉండరు. వంతెన ఖర్చు ఒక ఊరిది, భూముల విలువ పెరిగేది రెండో ఊళ్లో అయితే ఎవరెంత భరించాలన్న తగాదా కూడా ఇక్కడి నుంచే వస్తుంది. ఉమ్మడి స్టడీలో లాభం ఏ ఒడ్డుకు ఎంతో విడివిడిగా రాయించుకోవడం మంచిది.

అంచనాలు అటు నుంచి కూడా తప్పుతాయి. అమెరికాలో ఒహాయో నది మీద లూయీవిల్ దగ్గర కెంటకీ, ఇండియానా అనే రెండు రాష్ట్రాలు కలిసి చక్కగా ఒప్పందం చేసుకుని రెండు కొత్త వంతెనలు కట్టాయి. 2016 చివర్లో ఆ రెండిటికీ, ఒక పాత వంతెనకూ టోల్ పెట్టారు. మిగతా పాత వంతెనలు రెండింటికి టోల్ లేదు. ఊరి మధ్యలోని పెద్ద హైవే దాటే చోట లేన్లు పెరిగినా వాహనాలు దాదాపు సగానికి పడిపోయి, జనం టోల్ లేని పాత వంతెనలకు మళ్లారు. ఇద్దరూ కలిసి కూర్చున్నంత మాత్రాన అంకె నిజమైపోదు. నలభై రూపాయలు మిగులుతాయంటే మన ఆటో డ్రైవర్ ఎంత దూరం చుట్టు తిరిగి పోతాడో అక్కడి కారువాడూ అలాగే ఆలోచిస్తాడు. ఏ దారి ఎంచుకుంటారో చెప్పే ఆ నాలుగో ప్రశ్నలో డబ్బును, సమయాన్ని ఎలా తూచారన్నది రిపోర్టులో అన్నిటికంటే ముందు చదవాల్సిన పేజీ.

స్టడీల్లో దాదాపు ఎప్పుడూ కనపడని ఇంకో పరీక్ష ఉంది. ఒక వంతెన పోతే మిగతావి ఆదుకుంటాయా అన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గరి నయాపూల్, ముస్లింజంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి. రెండు ఒడ్డులనూ కలుపుతూ మిగిలింది 330 ఏళ్ల పురానాపూల్ ఒక్కటే. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇప్పుడు గేట్లు ఎత్తేది ఆ రెండిటివే. మామూలు రోజున ఖాళీగా కనిపించే వంతెన అలాంటి పూట ఎంత విలువైనదో గంటకు ఇన్ని పీసీయూలు అనే పట్టికలో రాదు. ఎగువ ఊరి వంతెన మునిగితే దిగువ ఊరి వంతెనకు ఎంత భారం వస్తుందన్నది ఏ ఊరూ తనంతట తాను వేసుకునే ప్రశ్న కాదు.

పైగా సర్వేలకు ఒక నియమం ఉంటుంది. పండగలు, బందులు, భారీ వర్షాలు లేని మామూలు రోజుల్లోనే లెక్కించాలి. అది సరైన నియమమే, సగటు తెలియాలంటే అలాగే చేయాలి. కాకపోతే దానివల్ల మూసీ ఉచితంగా చేసి పెట్టే ట్రాఫిక్ స్టడీ ప్రతి వానాకాలం ఎవరూ రాసుకోకుండానే కొట్టుకుపోతుంది. బారికేడ్లు పెట్టిన ఆ పూట గోల్నాక దగ్గర నేను గంటా పది నిమిషాలు నిలబడ్డాను. చాయ్ అమ్మే అతను థర్మాస్ పట్టుకుని బండ్ల మధ్య మూడుసార్లు తిరిగాడు. అట్ట పట్టుకున్నవాడు ఒక్కడూ కనపడలేదు.